బంతి అందరికీ అందాలి

(సాయంకాలపు చదువుల కేంద్రంలో తల్లులకు చెప్పిన మాటలు)



పొద్దంతా పని చేసి వచ్చారు. ఇంటికాడ వంట పని ఇంకా మిగిలే ఉంటుంది. అయినా పుస్తకం పట్టుకొని వచ్చారు. అందుకే సూటిగా విషయం చెప్తాను.

ఈ రోజు మనం ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. "ఫుట్‌బాల్‌కీ మాకూ ఏం సంబంధం టీచరమ్మా?" అని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. రోజూ సాయంత్రం బడి ముందు ఆడేది మీ పిల్లలే. వాళ్ళకు ఆట నేర్పే మాస్టరు లేరు. బంతి ఒకటి ఉంది. ఉత్సాహం ఉంది. దారి చూపేవాళ్ళు లేరు.

ఆ పని తల్లులు చెయ్యగలరు. మీరు పరుగెత్తనక్కరలేదు. బంతిని తన్ననక్కరలేదు. ఏం చూడాలో తెలిస్తే చాలు. ఏం చెప్పాలో తెలిస్తే చాలు. అదే ఈ రోజు చెప్తాను.

ఆట ఏమిటి?

ఫుట్‌బాల్‌లో రెండు జట్లు ఉంటాయి. పెద్ద ఆటలో జట్టుకు 11 మంది. ఆట 90 నిమిషాలు సాగుతుంది. 45 నిమిషాలకు ఒక విరామం ఇస్తారు. బంతిని ఎదుటివాళ్ళ గోలులోకి పంపాలి. ఆటగాళ్ళు బంతిని చేత్తో ముట్టకూడదు. గోలు కాసే ఒక్కరికే, అదీ గోలు ముందున్న హద్దులోనే, చేతులు వాడే వీలుంది. బంతి హద్దు దాటి బయటికి పోతే, దాన్ని లోపలికి విసిరేటప్పుడు మాత్రం ఎవరైనా చేతులు వాడవచ్చు.

ఈ ఆటలో రెండు పనులు ముఖ్యం. ఒకటి, బంతిని మన అదుపులో ఉంచుకోవడం. రెండు, బంతిని మనవాళ్ళకు అందించడం. దీన్నే 'పాస్' అంటారు. గట్టిగా తన్నడం చూడ్డానికి బాగుంటుంది. కానీ ఈ రెండు పనులు రాకపోతే గట్టిగా తన్నినా లాభం లేదు. బంతి ముళ్ళకంపలోకి పోతుంది. అంతే.

బంతి ఎవరికి అందుతోంది?

మన పిల్లల ఆటను ఒకసారి నిలబడి చూడండి. బంతి ఎక్కడుంటే పిల్లలంతా అక్కడే ఉంటారు. బెల్లం చుట్టూ చీమలు మూగినట్టు మూగుతారు. వాళ్ళలో బలమైన పిల్లాడు ఒకడు ఉంటాడు. బంతి వాడికి దొరుకుతుంది. వాడు దాన్ని ఎవరికీ ఇవ్వడు. చిన్నవాళ్ళు వాడి వెనకాల ఊరికే పరుగెత్తుతారు.

చిన్నవాళ్ళకు ఎందుకివ్వడు? వాణ్ణి అడిగితే ఒకటే మాట చెప్తాడు. "వాళ్ళకు బంతి ఆపడం రాదు. ఇస్తే పోగొడతారు" అంటాడు. వాడి మాటలో నిజం ఉంది. వాళ్ళకు ఆపడం రాదు. మరి ఎట్లా వస్తుంది? బంతి కాలికి తగిలితేనే కదా ఆపడం వచ్చేది!

ఆపడం రాదని బంతి ఇవ్వరు. బంతి ఇవ్వరు కాబట్టి ఆపడం రాదు. ఈ ముడి ఇట్లాగే బిగిసిపోతుంది. అక్షరం రాదని మన చేతికి పుస్తకం ఇవ్వనిరోజులు మీకు గుర్తున్నాయి కదా. ఇదీ అట్లాంటిదే.

ఈ ఎండాకాలంలో ఒక ఆడపిల్ల రోజూ ఆటకు వచ్చేది. రెండు వారాలు గట్టు దగ్గరే నిలబడింది. "నువ్వు గోలు కాయి" అన్నారు. కాసింది. బంతి బయటికి పోతే తెచ్చి ఇచ్చింది. మూడో వారం రావడం మానేసింది. ఆ పిల్లను ఎవరూ పొమ్మనలేదు. కొట్టలేదు. తిట్టలేదు. బంతి మాత్రం అందలేదు.

కాబట్టి బంతి ఆపడం, అందించడం పిల్లలందరికీ నేర్పాలి. అప్పుడే ఆట అందరిదీ అవుతుంది.

బంతి ఎట్లాంటిది ఉండాలి?

బంతుల్లో సైజులు ఉంటాయి. బంతి మీద అంకె రాసి ఉంటుంది. ఆ అంకె మీరు చదవగలరు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు 3వ నంబరు బంతి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ దాకా 4వ నంబరు. ఆ పైన 5వ నంబరు. పెద్దవాళ్ళు ఆడేది 5వ నంబరే. అది 410 నుంచి 450 గ్రాముల బరువు ఉంటుంది. అంటే అరకిలోకు కొంచెం తక్కువ.

చిన్న పిల్లలకు పెద్ద బంతి ఇస్తే కాలు నొప్పి పెడుతుంది. బంతి అంటే భయం పట్టుకుంటుంది. కొనేటప్పుడు అంకె చూసి కొనండి. గాలి మరీ బిగువుగా కొట్టించకండి. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి.

బంతి ఒక్కటే ఉంటే? పాత గుడ్డలు చుట్టి, తాడుతో గట్టిగా కట్టి ఇంకో రెండు చెయ్యండి. అవి ఎగరవు. కానీ బంతిని కాలి దగ్గర ఉంచుకోవడం నేర్చుకోవడానికి పనికొస్తాయి.

రోజుకు 40 నిమిషాలు చాలు. ఎండ తగ్గాక మొదలుపెట్టండి. ముందు పిల్లలంతా వరసగా నడుస్తూ నేల చూడాలి. గాజుపెంకులు, ముళ్ళు, రాళ్ళు ఏరెయ్యాలి. ఐదు నిమిషాలు మెల్లగా పరుగు. తర్వాత ఆట నేర్చుకోవడం.

మొదటి పని: బంతితో చెలిమి

మేకపిల్లను తోలేటప్పుడు మనం ఏం చేస్తాం? గట్టిగా అదిలించి దూరంగా తరమం. దగ్గరే ఉంచుకుంటాం. అటు పోతే ఇటు, ఇటు పోతే అటు చిన్నగా అదిలిస్తాం. బంతిని కూడా అట్లాగే తోలాలి.

పిల్లలకు ఈ మూడు పనులు ఇవ్వండి.

ఒకటి. బంతి ముందు నిలబడాలి. కుడి అరికాలితో బంతి పైన మెల్లగా తాకాలి. తర్వాత ఎడమ అరికాలితో తాకాలి. బంతి కదలకూడదు. మొదట మెల్లగా, తర్వాత వేగంగా. 50 లెక్కపెట్టండి.

రెండు. రెండు పాదాల మధ్య బంతి పెట్టుకోవాలి. కుడి పాదం లోపలి పక్కతో ఎడమకు, ఎడమ పాదం లోపలి పక్కతో కుడికి చిన్నగా కొట్టుకోవాలి. గడియారం లోలకం ఊగినట్టు బంతి ఊగాలి. ఇదీ 50.

మూడు. నేల మీద ఆరు రాళ్ళు వరసగా పెట్టండి. రాయికీ రాయికీ మధ్య రెండు అంగలు ఉండాలి. బంతిని తోలుకుంటూ రాళ్ళ మధ్య వంకర టింకరగా పోయి రావాలి. బంతి కాలికి ఒక అంగ కంటే దూరం పోకూడదు. దూరం పోతే పిల్లాడు వేగం తగ్గించాలి.

ఇవి చిన్న పనులే. కానీ పది రోజులు చేస్తే తేడా మీకే తెలుస్తుంది. బంతిని చూసి బెదిరే కాలు బెదరడం మానేస్తుంది.

రెండో పని: వచ్చే బంతిని ఆపడం

అటక మీద నుంచి ఒకరు కుండ అందిస్తున్నారు అనుకోండి. కింద మీరు పట్టుకుంటున్నారు. చేతులు బిగపట్టి ఉంచుతారా? ఉంచరు. కుండ చేతికి తగలగానే చేతులు కొంచెం కిందికి దించుతారు. అప్పుడు కుండ పగలదు. చెయ్యి నొప్పి పుట్టదు.

బంతిని ఆపడం కూడా అంతే. కాలు గోడలాగా బిగపట్టి ఉంచితే బంతి తగిలి ఎగిరిపోతుంది. పాదం లోపలి పక్కను బంతికి ఎదురుగా తిప్పాలి. బొటనవేలి నుంచి మడమ దాకా ఉన్న పక్క అది. బంతి తగిలే సమయానికి కాలును కొంచెం వెనక్కి తియ్యాలి. అప్పుడు బంతి కాలి దగ్గరే ఆగుతుంది.

ఎదురుగా ఇద్దరిని ఐదు అంగల దూరంలో నిలబెట్టండి. ఒకరు చేత్తో బంతిని నేల మీద దొర్లించాలి. రెండోవారు కాలితో ఆపాలి. పది సార్లు. తర్వాత మార్చుకోవాలి. చేత్తో దొర్లిస్తే బంతి తిన్నగా వస్తుంది. కొత్తవాళ్ళకు ఇది తేలిక. ఇది వచ్చాకే కాలితో పంపడం మొదలుపెట్టాలి.

బంతి వచ్చే దాకా నిలబడి ఉండకూడదు. ఒక అడుగు బంతికి ఎదురు పోవాలి. చాలామంది పిల్లలు ఇక్కడే బంతి పోగొట్టుకుంటారు. వాళ్ళు ఎదురు చూస్తుంటారు. మధ్యలో ఇంకొకరు వచ్చి తీసుకుపోతారు. "ఎదురు పో" అని చెప్పండి. ఈ మాట చాలు.

మూడో పని: బంతిని అందించడం

స్లాబు వేసే రోజు మీలో చాలామంది వరసలో నిలబడి ఉంటారు. తట్ట ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతుంది. తట్టను విసిరేస్తే పక్కన ఉన్నామె పట్టుకోలేదు. మరీ దగ్గర పెట్టుకొని ఇస్తే ఆమె వంగాలి. ఆమె చేతులకు సరిగ్గా అందేట్టు ఇస్తాం. ఆమె పాత తట్టను కింద పెట్టిందో లేదో చూసి ఇస్తాం. పాస్ అంటే ఇదే. పుచ్చుకునేవారికి వీలుగా ఉండాలి.

ఎట్లా తన్నాలో చెప్తాను. నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, నిలబడే కాలు. తన్నని కాలు బంతి పక్కన ఉండాలి. బంతికీ ఆ కాలికీ మధ్య జానెడు దూరం. ఆ కాలి వేళ్ళు ఎటు చూస్తే బంతి దాదాపు అటే పోతుంది. కాబట్టి వేళ్ళు మనవాళ్ళ వైపు చూడాలి.

రెండోది, తన్నే కాలు. వేళ్ళతో పొడవకూడదు. పాదం లోపలి పక్కతో తొయ్యాలి. వేళ్ళు కొంచెం పైకి లేపాలి. చీలమండ గట్టిగా ఉండాలి. వదులుగా ఉంటే బంతి ఎటో పోతుంది.

మూడోది, తాకే చోటు. బంతి నడి మధ్యన తాకాలి. కింద తాకితే బంతి గాలిలోకి లేస్తుంది. నేల మీద దొర్లే బంతిని ఆపడం తేలిక.

నాలుగోది, బలం. జొన్నరొట్టె తట్టేటప్పుడు మీకు చేతి బలం తెలుసు. గట్టిగా కొడితే రొట్టె చినుగుతుంది. మెల్లగా కొడితే సాగదు. బంతికీ అట్లాంటి కొలత ఉంది. దగ్గరివాళ్ళకు మెల్లగా, దూరంవాళ్ళకు గట్టిగా. ఆ కొలత చెప్తే రాదు. చేస్తే వస్తుంది.

అభ్యాసం ఇట్లా చేయించండి. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడాలి. మధ్యలో రెండు రాళ్ళు ఒక అంగ దూరంలో పెట్టండి. అది వాకిలి. బంతి ఆ వాకిలి గుండా పోవాలి. వరసగా పది సార్లు పోతే ఇద్దరూ ఒక్కో అడుగు వెనక్కి జరగాలి. తప్పితే ఒక్కో అడుగు ముందుకు రావాలి.

ఒక్కరే ఉంటే? బడి గోడ ఉంది. గోడకు కొడితే బంతి తిరిగి వస్తుంది. ఒక తాకుతో ఆపాలి. రెండో తాకుతో పంపాలి. గోడ ఎన్నిసార్లైనా విసుక్కోకుండా బంతి తిరిగి ఇస్తుంది.

నాలుగో పని: తల ఎత్తి చూడడం

నెత్తిన బిందె పెట్టుకొని నడిచేటప్పుడు మన చూపు ఎక్కడ ఉంటుంది? బిందె మీద ఉండదు. దారి మీద ఉంటుంది. బిందె సంగతి మెడకు తెలుసు.

పిల్లలు బంతినే చూస్తూ పరుగెత్తుతారు. మనవాళ్ళు ఎక్కడున్నారో చూడరు. అందుకే పాస్ ఇవ్వలేరు. చాలాసార్లు అది పిసినారితనం కాదు. వాళ్ళకు ఎదుటివాళ్ళు కనిపించడం లేదు, అంతే.

దీనికి ఒక చిన్న ఆట ఉంది. పిల్లాడు బంతి తోలుతూ వస్తుంటే మీరు ఎదురుగా నిలబడి వేళ్ళు చూపించండి. రెండు, నాలుగు, మూడు. వాడు బంతి తోలుతూనే ఆ అంకె చెప్పాలి. మీ వేళ్ళు చూడాలంటే తల ఎత్తాల్సిందే. పిల్లలకు ఈ ఆట బాగా నచ్చుతుంది.

ఐదో పని: మధ్యలో ఒకరు

నలుగురు పిల్లలను నాలుగు మూలల్లో నిలబెట్టండి. మూలకూ మూలకూ ఆరు అంగలు. ఐదో పిల్ల మధ్యలో ఉండాలి. మూలల్లో ఉన్నవాళ్ళు బంతిని ఒకరికొకరు అందించుకోవాలి. మధ్యలో ఉన్న పిల్ల దాన్ని పట్టాలి. ఎవరి పాస్ దొరికిపోతే వాళ్ళు మధ్యలోకి పోవాలి.

ప్రపంచమంతా పెద్ద ఆటగాళ్ళు కూడా రోజూ ఈ ఆట ఆడతారు. ఇందులో అన్నీ ఉన్నాయి. ఆపడం, అందించడం, చూడడం, త్వరగా ఆలోచించడం. ఎన్ని పాస్‌లు వరసగా పడ్డాయో మీరు గట్టిగా లెక్కపెట్టండి. ఈ రోజు నాలుగు పడితే రేపు ఐదు పడాలి. పిల్లలు తమ లెక్కను తామే దాటాలని చూస్తారు.

ఒక మాట మరవకండి. బంతి ఇచ్చిన పిల్ల అక్కడే నిలబడిపోకూడదు. మళ్ళీ బంతి అందుకోవడానికి వీలైన చోటికి జరగాలి. "ఇచ్చి కదులు" అని చెప్పండి.

చివర: చిన్న ఆట

చివరి 15 నిమిషాలు ఆట ఆడించండి. కానీ ఇరవై మందిని ఒకే ఆటలో దించకండి. ముగ్గురికి ముగ్గురు చాలు. నాలుగు చెప్పులు పెడితే రెండు గోళ్ళు తయారవుతాయి. ఇట్లా రెండు మూడు ఆటలు పక్కపక్కనే సాగవచ్చు. మనుషులు తక్కువైతే ఒక్కొక్కరికి బంతి ఎక్కువసార్లు తగులుతుంది. లెక్క చాలా సులువు.

ఒక నియమం పెట్టండి. గోలు కొట్టేముందు ముగ్గురికీ బంతి తగలాలి. తగలకపోతే గోలు లెక్కలోకి రాదు. ఈ నియమం పెట్టగానే ఆట మారిపోతుంది. బలమైన పిల్లాడు చిన్న పిల్లను వెతుక్కుంటూ వస్తాడు. "బాగా ఆపు, నేనున్నా" అని వాడే చెప్తాడు. బంతి ఎట్లా ఆపాలో వాడే నేర్పుతాడు. ఎందుకంటే ఆ పిల్లకు రాకపోతే వాడి గోలు పోతుంది.

ఒక బడిపంతులు కథ

మనలాంటి బడిలో పాఠాలు చెప్పిన ఒక పంతులుగారి గురించి చెప్తాను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో 1909లో పుట్టారు. బడిలో పాఠాలు చెప్తూనే ఫుట్‌బాల్ నేర్పారు. 1950 నుంచి భారత జట్టుకు శిక్షకులుగా ఉన్నారు.

ఆయన నేర్పిన పద్ధతి ఏమిటో తెలుసా? బంతిని ఒక్కరే తోలుకుపోవడం కాదు, వెంటవెంటనే అందించుకోవడం. హైదరాబాదులో ఆయన వింత పోటీలు పెట్టారు. ఒక పోటీలో బంతిని తోలుకుపోకూడదు, అందించాలి. ఇంకో రకం పోటీలో బలం తక్కువైన కాలితోనే ఆడాలి. కుడి కాలివాటం వాళ్ళు ఎడమ కాలితో తన్నాలన్న మాట. అట్లా రెండు కాళ్ళూ పనికి వచ్చేట్టు చేశారు.

ఫలితం ఏమైంది? 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన జట్టుకు బంగారు పతకం వచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1 తో ఓడించి మళ్ళీ బంగారు పతకం తెచ్చారు. 1956, 1962 జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు. రహీం గారు అప్పటికే జబ్బుతో ఉన్నారు. 1963లో కన్నుమూశారు.

ఆయన పెట్టిన పోటీలకు డబ్బు ఖర్చు లేదు. నియమం ఒకటి మార్చారు, అంతే. మనమూ వారంలో ఒక రోజు 'ఎడమ కాలి రోజు' పెట్టుకుందాం. శుక్రవారం అనుకోండి. ఆ రోజు కుడి కాలితో తన్నిన పాస్ చెల్లదు. ఎడమ చేతివాటం లాగా ఎడమ కాలివాటం పిల్లలూ ఉంటారు. వాళ్ళు ఆ రోజు కుడి కాలితో ఆడతారు. పిల్లలు మొదట తడబడతారు, నవ్వుకుంటారు. బలమైన పిల్లాడికి కూడా చిన్నవాళ్ళ కష్టం ఆ రోజు తెలుస్తుంది.

ఎట్లా మాట్లాడాలి?

బంతి పోగొట్టిన పిల్లను "చేతకానిదానా" అనకండి. ఆ మాటతో కాలు ఇంకా బిగుసుకుపోతుంది. తప్పును ఒకటే చెప్పండి. "వేళ్ళతో పొడిచావు, లోపలి పక్కతో తొయ్యి." అంతే. ఒకేసారి నాలుగు తప్పులు చెప్తే ఒక్కటీ బుర్రకెక్కదు.

మంచి పాస్ ఇచ్చిన పిల్లను పేరు పెట్టి మెచ్చుకోండి. గోలు కొట్టినవాళ్ళనే మెచ్చుకుంటే అందరూ గోలు కోసమే చూస్తారు. గోలుకు ముందు బంతి ఎవరు ఇచ్చారో చూసి, వాళ్ళ పేరు కూడా గట్టిగా చెప్పండి.

సొంత పిల్లలకు ఒక మాట, పక్కింటి పిల్లలకు ఒక మాట వద్దు.

ఆడపిల్లలు ఆడవచ్చా?

పోయిన వారం ఒక అక్క నన్ను అడిగింది. "టీచరమ్మా, ఆడపిల్ల ఆడి కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటే రేపు పెళ్ళెట్లా?" అంది. ఇంకో అమ్మ "పెద్దమనిషి అయినాక మైదానంలో పరుగెత్తితే ఊరు ఊరుకుంటుందా?" అంది. ఈ ప్రశ్నలు కొట్టిపారేసేవి కావు. జవాబు చెప్పాలి.

దెబ్బల సంగతి ముందు చెప్తాను. దెబ్బ మగపిల్లలకూ తగులుతుంది. బంతి అదుపు నేర్చుకున్నవాళ్ళు తూలి పడడం, మీద పడడం తక్కువ. నీళ్ళబిందె మోస్తూ జారి పడితే బిందె మోయడం మాన్పించం కదా. జాగ్రత్త చెప్తాం.

ఊరి సంగతి. ఊరంటే ఎవరు? ఇక్కడ కూర్చున్న మనం కూడా ఊరే. తల్లులు పది మంది గట్టు మీద కూర్చుంటే మాట అనేవాళ్ళు తగ్గుతారు. ఆకతాయిలు దూరంగా ఉంటారు. ఆడపిల్లకు ధైర్యం వస్తుంది. చీకటి పడకముందే అందరూ కలిసి ఇంటికి రావచ్చు. చుడీదారు వేసుకొని ఆడవచ్చు. చున్నీ మాత్రం తీసి పక్కన పెట్టాలి, కాలికి చుట్టుకుంటే ప్రమాదం. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగుంటే ఆడవచ్చు. నొప్పిగా ఉంటే కూర్చోవచ్చు. అది పిల్ల ఇష్టం.

ఆడపిల్లలు ఎంత దూరం పోయారో వినండి. నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య భారత జట్టులో ఆడింది. 2022లో యూరప్‌లోని క్రొయేషియా దేశానికి పోయి, డైనమో జాగ్రెబ్ అనే క్లబ్బులో చేరింది. మన అనంతపురంలో ఆర్.డి.టి. సంస్థ పల్లె పిల్లల కోసం స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. అక్కడ ఆడపిల్లలూ ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. 2025 జూలైలో భారత మహిళల జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ళ దేశంలోనే 2-1 తో ఓడించింది. ఆసియా కప్‌కు అర్హత సంపాదించింది.

మన పిల్లలంతా అంత దూరం పోతారని నేను చెప్పను. గట్టు దగ్గర నిలబడి, మూడో వారం మానేసిన పిల్ల మళ్ళీ రావాలి. వచ్చిన రోజు బంతి అందాలి. నేను అడిగేది అదే.

కొన్ని జాగ్రత్తలు

ఆటకు ముందు, మధ్యలో, తర్వాత నీళ్ళు తాగించండి. ఖాళీ కడుపుతో ఆడనివ్వకండి. గుప్పెడు శెనక్కాయలు, బెల్లం ముక్క పెట్టినా మేలు. ఒక గంట ముందే పెట్టండి.

కాలు మడత పడితే ఆట ఆపండి. చల్లటి తడిగుడ్డ చుట్టండి. కాలు ఎత్తులో పెట్టండి. ఆ రోజు గట్టిగా రుద్దకండి, గుంజకండి. కాలు మోపలేకపోతే ఆసుపత్రికి తీసుకుపోండి.

చిన్న పిల్లలతో బంతిని తలతో కొట్టించకండి. అమెరికా ఫుట్‌బాల్ సంస్థ 2015లో పదేళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని నియమం పెట్టింది. తలకు గట్టి దెబ్బ తగిలితే ఆ పిల్లను ఆ రోజు మళ్ళీ ఆడించకండి. తల తిరిగినా, వాంతి అయినా, మత్తుగా ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించండి.

ఊరికే ఆయాసపడే పిల్ల ఉంటే రక్తం తక్కువ కావచ్చు. ఆశా కార్యకర్తకు చెప్పి పరీక్ష చేయించండి.

మీ పుస్తకంలో రాయండి

ఇప్పుడు మీ చదువుకు పని చెప్తాను. రోజుకు ఒక తల్లి మైదానానికి రావాలి. చేతిలో పుస్తకం, పెన్సిలు ఉండాలి. ఎడమ పక్క పిల్లల పేర్లు రాయాలి. పేర్లు మీరే రాయాలి, పిల్లలతో రాయించవద్దు. చిన్న ఆట జరిగేటప్పుడు ఎవరికి బంతి అందితే వాళ్ళ పేరు ఎదురుగా ఒక గీత గియ్యాలి. నాలుగు నిలువు గీతలు అయ్యాక ఐదోది అడ్డంగా గియ్యాలి. అప్పుడు అయిదు అయిదులుగా లెక్క సులువు.

ఆట అయ్యాక గీతలు కూడండి. ఎవరికి ఎక్కువ? ఎవరికి తక్కువ? ఎవరి పేరు ఎదురుగా ఒక్క గీత కూడా లేదు? ఆ పిల్లతో మరుసటి రోజు పది నిమిషాలు ముందుగా బంతి ఆపడం చేయించండి. బలమైన పిల్లాడినే జతగా నిలబెట్టండి. వారం తర్వాత మళ్ళీ లెక్క చూడండి.

నోటితో "ఆ పిల్లకూ ఇవ్వండిరా" అంటే పిల్లలు వినరు. "మేమిచ్చాం" అంటారు. కాగితం మీద గీతలు చూపిస్తే కాదనలేరు. రాసిన లెక్కకు ఆ బలం ఉంది.

సోమవారం సాయంత్రం ఐదు గంటలకు మొదలుపెడదాం. మొదటి రోజు ఎవరు వస్తారో ఇప్పుడే చేతులెత్తండి. పేర్లు బోర్డు మీద రాస్తాను. మీ పేరు సరిగ్గా రాశానో లేదో మీరే చదివి చెప్పాలి.

మాట్లాడుకుందాం

1. మీ పిల్లల ఆటలో బంతి ఎవరికి ఎక్కువ అందుతోంది? ఎందుకు?
2. వచ్చే బంతిని ఆపేటప్పుడు కాలు ఎట్లా ఉండాలి?
3. పాస్ ఇచ్చేటప్పుడు పాదంలో ఏ పక్కతో తొయ్యాలి?
4. 'ముగ్గురికీ బంతి తగలాలి' అనే నియమం వల్ల ఏం మారుతుంది?
5. మీ వీధిలో ఆటకు రాని పిల్లలు ఎవరు? వాళ్ళ పేర్లు రాయండి.